ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఒక హిట్

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు వెయ్యిన్నూట నలభై మంది ఒక్కసారిగా మైదానానికి వీపులు తిప్పి, మెడలు పైకెత్తి నా వైపు చూశారు. ముప్ఫై నాలుగేళ్ళు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. తరగతిలో ఉన్న ముప్ఫై మందీ ఏకకాలంలో నా వైపు చూసిన సందర్భం ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు. వీళ్ళకు నా నుంచి కావలసింది పాఠం కాదు, ఒక్క మాట. హిట్టా, తప్పా?

మా ఊరి జట్టు పేరు పడ్లర్స్. ఉక్కు మిల్లు నడిచిన రోజుల్లో కొలిమిలో కరిగిన ఇనుమును పొడవాటి కడ్డీలతో కలియబెట్టిన కార్మికుల పేరది. మిల్లు పోయి నలభై ఏళ్ళయింది, పేరు మిగిలింది. మాది పెద్ద లీగు కాదు. పెద్ద లీగులు వదిలేసినవాళ్ళకూ, వాటికి ఎప్పటికీ అందనివాళ్ళకూ జీతమిచ్చి ఆడించే చిన్న లీగు. ఈ ఏడు ఎనభై తొమ్మిది ఆటల్లో ముప్ఫై ఒకటి గెలిచాం. గెలిచాం అని అధికారిక స్కోరర్ అనకూడదు, గెలిచారు అనాలి. పద్నాలుగేళ్ళుగా ఈ దిద్దుబాటు చేసుకుంటూనే ఉన్నాను.

బేస్‌బాల్‌లో స్కోరర్ అంటే పరుగులు లెక్కపెట్టేవాడు మాత్రమే కాదు. బ్యాటర్ తన దెబ్బ బలంతోనే మొదటి బేస్ అనే మజిలీ చేరితే అది హిట్, అతని ఘనత. మామూలు శ్రమతో అందుకోగలిగిన బంతిని ఫీల్డర్ జారవిడిచినందువల్ల చేరితే అది తప్పు, ఫీల్డర్ పేరు మీద శాశ్వతంగా ఉండే మచ్చ. మామూలు శ్రమ ఎంత అన్నది కొలవడానికి ఏ పరికరమూ లేదు. లీగు నియమించిన ఒక మనిషి ఉంటాడు, అంతే. మా మైదానంలో ఆ మనిషిని నేను.

ఇక, తొమ్మిది ఇన్నింగ్స్ పాటు, ఇరవై ఏడు ఔట్లు పూర్తయ్యేదాకా, ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా దక్కనివ్వకుండా బంతి వేసే పిచర్ ఒకడు ఆట ముగిస్తే దాన్ని నో-హిటర్ అంటారు. మా మైదానంలో పడ్లర్స్ పిచర్ ఎవరూ ఆ పని చేయలేదు. నేను చూస్తున్న అరవై నాలుగేళ్ళలో లేదు, అంతకు ముందరి పుస్తకాల్లోనూ లేదు. ఆ ఆదివారం డేల్ టాలివర్ అనే ఎడమచేతివాటం పిచర్, ముప్ఫై నాలుగేళ్ళవాడు, పదో జట్టులో పదమూడో ఏడు ఆడుతున్నవాడు, ఇరవై మూడు ఔట్లు తీసి ఇంకా ఒక్క హిట్ ఇవ్వలేదు. వాతావరణం ఉడికిపోతోంది. అతని చొక్కా రంగు మారిపోయింది.

ఇలాంటి వేళ ఎవరూ ఆ మాట పైకి అనరు. అంటే చెడిపోతుందని నమ్మకం. బంతికి చెవులు లేవని నేను చాలామందికి చాలాసార్లు చెప్పాను. అయినా ఐదో ఇన్నింగ్స్ నుంచీ ప్రెస్ బాక్స్‌లో నా పక్కన కూర్చున్న లొరెట్టా నోరు మెదపలేదు. స్కోరు బోర్డు మీటలు నొక్కేది ఆమే. నలభై ఏళ్ళ కిందట నా దగ్గర ఫిజిక్స్ చదువుకుంది, అదేమీ అడ్డు రాలేదు. కింద ఆరో వరసలో నా స్నేహితుడు కాజ్ డూబియల్ మూడో ఇన్నింగ్స్‌లో కొన్న సాసేజ్ రొట్టె సగం తిని, సగం చేతిలో అలాగే పట్టుకుని కూర్చున్నాడు. పదకొండేళ్ళ వయసు నుంచి నేనూ వాడూ ఆ వరసలోనే పక్కపక్కన కూర్చున్నాం, నేను ఉద్యోగ విరమణ చేసి మెట్లెక్కి ఈ గదిలోకి వచ్చేదాకా. ఈ గదిలో చప్పట్లు కొట్టకూడదు, కేక వేయకూడదు. అభిమానిని స్కోరర్‌గా పెట్టారని మొదటి ఏడాది వెస్ట్‌ఫోర్డ్ జట్టువాళ్ళు ఎగతాళి చేశారు. అలా అనడానికి ఎవరికీ కారణం చూపకూడదని నిశ్చయించుకున్నాను.

అదే వెస్ట్‌ఫోర్డ్ జట్టు బ్యాటర్ ఒకడు ఎనిమిదో ఇన్నింగ్స్‌లో, రెండు ఔట్ల తర్వాత, నేలబారుగా ఒక బంతి కొట్టాడు. రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ ఎడిసన్ పౌలీనో కుడివైపు రెండడుగులు వేసి దాని దారిలోకి వచ్చాడు. బంతి అతని గ్లవ్ అంచుకు తగిలి కాళ్ళ మధ్య పడింది. తీసేలోగా బ్యాటర్ బేస్ దాటిపోయాడు. చివరి గెంతులో బంతి పక్కకు ఎగిరినట్టు నా కంటికి కనిపించింది.

అప్పుడే ఆ వెయ్యిన్నూట నలభై మందీ తిరిగి చూశారు.

"మాస్టారూ," అంది లొరెట్టా, బోర్డు మీద నుంచి చూపు తిప్పకుండా. "నిదానంగా చెప్పండి. తొందరేం లేదు."

"హిట్," అన్నాను.

"ఇంకోసారి అడుగుతున్నాను."

"హిట్ లొరెట్టా. నొక్కు."

ఆమె నొక్కింది. బోర్డు మీద సున్నా ఒకటయింది. తర్వాత లేచిన శబ్దాన్ని నేను వర్ణించను. అందులో నా పేరు ఉంది, మా అమ్మ ప్రస్తావన కూడా ఉంది. కాజ్ లేచి నిలబడ్డాడు. అరవలేదు. నా కిటికీ వైపు తిరిగి, చేతిలోని సగం రొట్టెను మెల్లగా కాగితంలో చుట్టి, టోపీ సర్దుకుని, మెట్లెక్కి బయటికి వెళ్ళిపోయాడు. పడ్లర్స్ పద్దెనిమిది పరుగుల తేడాతో ఓడిన రోజు కూడా చివరిదాకా కూర్చున్న మనిషి.

టాలివర్ ఆట ముగించాడు. రెండు పరుగులు మనకు, సున్నా వాళ్ళకు, ఒక హిట్. మూడూ నలభై ఐదుకు ఆఖరి ఔట్ పడింది. జట్టు వాళ్ళు వచ్చి అతనితో చేయి కలిపారు, మామూలు గెలుపుకు కలిపినట్టే. అతను టోపీ తీసి మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. పైకి ఒక్కసారైనా చూడలేదు. చూసి ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది.

నివేదిక రాస్తుండగా తలుపు దగ్గర ఎవరో దగ్గారు. పౌలీనో. బూట్లు విప్పి, సాక్సులతో మెట్లెక్కి వచ్చాడు. డొమినికన్ కుర్రవాడు, మహా అయితే ఇరవై నాలుగుంటాయి.

"సార్, అది నా తప్పే సార్. నా పేరు మీద రాయండి."

"నాకు హిట్‌లా కనిపించింది బాబూ."

"బంతి చేతికి రాకముందే వాడెక్కడున్నాడా అని తల ఎత్తాను సార్. మా అమ్మ చూసుంటే కొట్టేది."

"టాలివర్ పంపించాడా?"

అతని మొహం మారింది. "ఆయనకి తెలిస్తే చంపేస్తాడు. నేను రాలేదనుకోండి."

"చూడు, నువ్వు టాలివర్ జట్టువాడివి. అతని మేలు కోరి ఏదైనా చెబుతావు. నీ మాట మీద నేను రాయలేను."

"అయితే ఎవరి మాట మీద రాస్తారు సార్?" అన్నాడు. పొగరుగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. నేను నివేదిక వైపు తిరిగాను. కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

"ఇరవై నాలుగు గంటలుంది మాస్టారూ," అంది లొరెట్టా మీటల మీద గుడ్డ కప్పుతూ. ఆట ముగిసిన ఇరవై నాలుగు గంటల్లోపు స్కోరర్ తన నిర్ణయాన్ని మార్చుకోవచ్చునని నియమం. నాకు తెలియనిది కాదు. పద్నాలుగేళ్ళలో ఆ నియమాన్ని నేను మూడుసార్లే వాడుకున్నాను.

"రేప్పొద్దున వీడియో చూడాలి. తాళం తెస్తావా?"

"తొమ్మిదింటికి," అంది. "నేనేమీ అనను. కానీ రేడియోలో వాళ్ళు అంటున్నారు, వింటారా?"

"వినను."

సోమవారం పొద్దున ఖాళీ మైదానం కన్నా నీరసమైన చోటు ఇంకొకటి ఉంటుందని నేను అనుకోను. గ్యాలరీల కింద కాగితం కప్పులు ఊడుస్తున్నారు. లొరెట్టా వీడియో పెట్టి, కాఫీకని బయటికి వెళ్ళింది, నన్ను ఒంటరిగా వదలడానికే. బంతి బ్యాటును వదిలిన క్షణం నుంచి పౌలీనో గ్లవ్‌ను తాకే క్షణం దాకా ఒక్కొక్క చిత్రంగా ముందుకు జరిపాను. మూడు గెంతులు. మూడో గెంతు మొదటి రెండింటి కన్నా కొంచెం తక్కువ ఎత్తు, ఉండవలసినట్టే ఉంది. దిశలో మార్పు లేదు. నేను చూశాననుకున్న పక్క ఎగురుడు అక్కడ లేదు. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. రెండో కెమెరాలో చూశాను. బంతి రావడానికి పావు సెకను ముందే పౌలీనో రెండు కాళ్ళూ ఊని నిలబడి ఉన్నాడు. ఆ పావు సెకనులో అతని తల పైకి లేచింది. నియమాల పుస్తకంలో మామూలు శ్రమకు బొమ్మ వేయమంటే ఈ బొమ్మే వేయాలి.

లేని గెంతును నేను ఎలా చూశాను? కన్ను అబద్ధం చెప్పదు, దాని వెనకాల ఉన్నవాడు చెబుతాడు. మనం కోరుకున్న ఫలితం వైపు సాక్ష్యం మొగ్గితే దాన్ని రెండింతలు పరీక్షించండి అని పిల్లలకు చెప్పేవాణ్ణి. ఆదివారం నేను చేసింది పరీక్ష కాదు. కోరుకున్న ఫలితాన్ని, అది నేను కోరుకున్నదన్న ఒక్క కారణానికి, శిక్షించాను. తప్పు అని బోర్డు మీద వెలగాలని నాలో ఉన్న పదకొండేళ్ళవాడు గొంతు చించుకుంటున్నాడు. వాడి నోరు మూయడానికి నేను బంతిని పక్కకు ఎగిరించాను.

లొరెట్టా కాఫీ తెచ్చేసరికి పాత స్కోరు పుస్తకాలు అలమరలోంచి దించి నేల మీద పరచుకుని కూర్చున్నాను. సందేహంగా ఉన్న నిర్ణయాల పక్కన సన్నగా పెన్సిల్ చుక్క పెట్టడం నా అలవాటు. పద్నాలుగేళ్ళలో రెండువందల ఆరు చుక్కలున్నాయి. వాటిలో నూటముప్ఫై మూడు నిర్ణయాలు పడ్లర్స్‌కు ప్రతికూలం.

"అంటే మీరు మనవాళ్ళ మీద కక్ష కట్టారన్నమాట," అంది లొరెట్టా.

"ఈ లెక్క దేన్నీ నిరూపించదు. మనవాళ్ళు నిజంగానే చెత్తగా ఆడి ఉండొచ్చు."

"అదీ నిజమే. కానీ మీ మొహం చూస్తే మాత్రం నిరూపించినట్టే ఉంది."

మార్చాలన్నది పదిన్నరకే స్పష్టమైంది. అయితే మార్చే ముందు చేయవలసిన పని ఒకటుంది. ఈ వార్త కాజ్ రేడియోలో వినకూడదు. నిర్ణయం గురించి స్కోరర్ ఎవరినీ సంప్రదించకూడదు, నిజమే. నేను సంప్రదించడానికి వెళ్ళలేదు, చెప్పడానికి వెళ్ళాను. ఆ తేడా దారి పొడవునా నాకు స్పష్టంగానే ఉంది.

కాజ్ తన ఇంటి వెనక వసారాలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో పళ్ళెంతో చిక్కుడుకాయలు తుంచుతున్నాడు. నన్ను చూసి పళ్ళెంలోకి తల దించుకున్నాడు.

"బెర్నీస్," అని లోపలికి కేకేశాడు. "పోప్ గారు వచ్చారు. ఏం తప్పులు చేశావో తొందరగా చెప్పుకో."

"రండి అన్నయ్యా," అంది అతని భార్య కిటికీలోంచి. "రాత్రి నుంచీ వాడూ లేడు వీడూ లేడు, మీ మీదే తిట్లు. నాకు చెవులు పోయాయి."

మెట్టు మీద కూర్చున్నాను. కాజ్ ఒక కాయ తుంచాడు, ఇంకొకటి తుంచాడు.

"అరవై నాలుగేళ్ళురా," అన్నాడు. "మా నాన్న చూడకుండానే పోయాడు. నేను చూద్దామనుకున్నా. నువ్వు పైన కూర్చుని ఒక మీట నొక్కించి ఆర్పేశావు. అంత గట్టిగా న్యాయం చేయాలా? రవ్వంత మా మొహం చూస్తే నీ చదువేమన్నా కరిగిపోతుందా?"

"వీడియో చూశాను కాజ్. అది తప్పే. పౌలీనోదే. మార్చబోతున్నాను."

అతని వేళ్ళు ఆగిపోయాయి. మొహంలో మొదట సంతోషం వచ్చింది. నేను దాన్ని చూశాను. అరవై నాలుగేళ్ళుగా తెలిసిన మొహం. ఆ తర్వాత అది మెల్లగా వెనక్కి వెళ్ళిపోయింది, స్విచ్ తీసేశాక బల్బు తీగ ఎర్రగా కాసేపుండి నల్లబడినట్టు.

"అంటే..." అన్నాడు. "అయింది. నిన్న అయిపోయింది."

"అవును."

"నేను ఎనిమిదో దాంట్లోనే లేచొచ్చేశాను."

కింద పడిన కాయ ఒకటి తీసి పళ్ళెంలో వేశాను.

"నాలుగు ఔట్లుండగా వచ్చేశాను. రోడ్డు మీద సిగ్నల్ దగ్గర నిలబడి నిన్ను తిడుతున్నా, ఆ టైముకి." పళ్ళెం పక్కన పెట్టాడు. "మార్చకురా."

"కాజ్..."

"మార్చకు. హిట్ అన్నావు కదా, హిట్టే. అందరూ ఒప్పేసుకున్నారు. పొద్దున పేపర్లో కూడా వేసేశారు. నిన్న వెయ్యి మంది అరిస్తే కదలనివాడివి, ఇవాళ ఒక్కడివీ కూర్చుని కదుల్తావా? జనానికి జడిసి మార్చాడంటారు. నీకే పరువు తక్కువ."

"అంటారు. తెలుసు."

"టాలివర్‌కి ఏం తెలుస్తుంది?"

"టాలివర్‌కి తెలుసు. బంతి వేసింది అతనే. పౌలీనోకీ తెలుసు."

"నాకు తెలీకూడదు!" అన్నాడు. బెర్నీస్ కిటికీ దగ్గరికి వచ్చి చూసి వెళ్ళిపోయింది. కాజ్ గొంతు తగ్గించాడు. "ఊళ్ళో ప్రతివాడూ అడుగుతాడురా, ఆ రోజు నువ్వు ఉన్నావు కదా అని. బార్బర్ అడుగుతాడు. మా అల్లుడు అడుగుతాడు, నవ్వుతూ అడుగుతాడు వెధవ. నా జీవితంలో ఒక్క రోజు, ఒక్క ఆట మధ్యలో లేచాను. అదే ఆట. ఇంతకాలం కూర్చున్నదంతా ఏమైనట్టు?"

నా చేతిలో ఉన్నది ఏమిటో అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. హిట్ అని ఉంచితే టాలివర్ చేసిన పని లేనట్టే అవుతుంది. తప్పు అని మారిస్తే కాజ్ చేసిన పని ఉన్నట్టవుతుంది. ఒకరి మేలు తీసి ఇంకొకరికి ఇవ్వడం అని దీన్ని అనుకోవాలని మనసు కొంచెంసేపు ప్రయత్నించింది, తూకం వేయడానికి అప్పుడు వీలుంటుంది. కానీ ఆ పావు సెకను ఎవరి కోసమూ పొడవు పెరగదు.

"మూడూ నలభై ఐదు దాకా టైముంది," అన్నాను, అనవసరంగా.

"అయితే ఇక్కడే కూర్చో. నాలుగు దాకా కూర్చో. బీరు తాగుదాం."

అతను పరిహాసానికి అనలేదు. కాసేపు నిజంగానే కూర్చున్నాను. చిక్కుడుకాయలు కొన్ని నేనూ తుంచాను. ఒంటి గంట కొట్టాక లేచాను. కాజ్ ఎక్కడికని అడగలేదు. వీధి తలుపు దాకా కూడా రాలేదు.

రెండూ పది నిమిషాలకు లీగు కార్యాలయానికి సవరణ పంపాను. ఎనిమిదో ఇన్నింగ్స్, ఆరో నంబరు ఫీల్డర్, అంటే పౌలీనో, హిట్ స్థానంలో తప్పు. వెస్ట్‌ఫోర్డ్ బ్యాటర్‌కు కూడా ఒక మాట రాయించాను. అతని పేరు మీద ఉన్న హిట్ పోతోంది, అతనికి అదేమీ చిన్నది కాదు. లొరెట్టా నా భుజం మీదుగా చదివి, "పోనీలెండి," అంది. అందులో మెచ్చుకోలు ఉందో, జాలి ఉందో నేను విచారించలేదు.

జట్టు వారం రోజులు బయటి ఊళ్ళలో ఆడడానికి బయలుదేరుతోంది. బస్సు పక్కన సంచుల మధ్య టాలివర్ మంచుగడ్డల పొట్లం భుజానికి కట్టుకుని కూర్చుని ఉన్నాడు. నా పొరపాటు అని చెప్పాను, వివరించాను, క్షమించమన్నాను.

అతను భుజం మీది పొట్లం సర్దుకున్నాడు.

"అంటే నేను నో-హిటర్ వేశానా?"

"వేశావు."

"సరే సార్." తల ఊపాడు. "నిన్న చెప్పుంటే మావాళ్ళు నెత్తిన బక్కెట్టు నీళ్ళు గుమ్మరించేవాళ్ళు. ఎండకి బాగుండేది." నవ్వబోయి ఆగాడు. "ఆఖరి బంతి కూడా నేను దాచుకోలేదు. గ్యాలరీలోకి విసిరేశాను. ఎవరో పాప పట్టుకుంది."

"కనుక్కోమని చెప్పనా?"

"వద్దు సార్. ఆ పాపకి బంతి దొరికిందన్న సంతోషం ఉంటుంది కదా. ఇప్పుడెళ్ళి లాక్కుంటే బాగోదు." ఫోను తీశాడు. "మా ఆవిడకి చెప్పాలి. నిన్న ఒక హిట్ అని చెప్పా. ఇవాళ సున్నా అంటే నమ్మదు. కాస్త మీరే చెబుతారా?"

చెప్పాను. ఆమె ఏడ్చింది. ఫోను అతనికిచ్చి పక్కకు వచ్చాను. పౌలీనో బస్సు కిటికీలోంచి నన్ను చూసి, తన పేరు మీద మచ్చ పడ్డందుకు, బొటనవేలు పైకెత్తి చూపించాడు.

బుధవారం పత్రికలో సవరణ వార్తను చిన్న పెట్టె కట్టి వేశారు. స్కోరర్ ఒత్తిడికి లొంగాడని ఒకరు, మొదట్లోనే లొంగి ఉండవలసిందని మరొకరు రాశారు. రెండూ చదివి మడిచి పెట్టాను.

గురువారం సాయంత్రం భోజనానికి ముందు తలుపు కొట్టిన చప్పుడైతే వెళ్ళి తీశాను. కాజ్. చేతిలో వినిగర్‌లో ఊరేసిన పసుపు మిరపకాయల సీసా.

"బెర్నీస్ పంపింది. నేను కాదు."

"సరే."

లోపలికి వచ్చి, వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాడు. టోపీ తీయలేదు. బార్బర్ అడిగాడట. అల్లుడు ఫోను చేశాడట. ఆదివారం రాత్రి నుంచీ సరిగా నిద్ర లేదని కళ్ళు చూస్తేనే తెలుస్తోంది. వయసులో నా కన్నా మూడు నెలలు చిన్న.

"పుస్తకం ఇంట్లో ఉందా?" అన్నాడు చివరికి.

"ఉంది."

"ఆ ఆఖరి నాలుగు ఔట్లూ చదువు."

"లొరెట్టా దగ్గర వీడియో ఉందిరా. రేపు వెళ్ళి చూద్దాం."

"ఎందుకు? అయిపోయిన ఆటని సినిమాలా చూడనా? అక్కర్లేదు. నువ్వు చూశావు కదా, నువ్వు చెప్పు. సొంత కవిత్వం పెట్టకు."

పుస్తకం తెచ్చి ఆ పేజీ తెరిచాను. మేము ఫీల్డర్లను పేర్లతో రాయం, అంకెలతో రాస్తాం. ఆరు షార్ట్‌స్టాప్, మూడు మొదటి బేస్ దగ్గరివాడు; ముందు అంకె బంతి పట్టినవాడు, తర్వాతది అతను విసరగా అందుకుని ఔట్ చేసినవాడు. కాజ్‌కు ఆ అంకెలు నాకన్నా ముందే వచ్చు. చిన్నప్పుడు నాకు నేర్పింది వాడే.

"ఎనిమిదో దాంట్లో ఆఖరిది. ఆరు, మూడు."

"ఆరా?" ముందుకు వంగాడు. "వెంటనే మళ్ళీ పౌలీనోకే వెళ్ళిందా? అయ్యో. చేతులు వణికి ఉంటాయే వాడికి. ఎలా పట్టాడు? రెండు చేతులతోనా?"

పేజీ వైపు చూశాను. అంకెలు నా చేతిరాతలోనే ఉన్నాయి, పొందికగా, గడి మధ్యలో. ఆ బంతి మాత్రం నా కళ్ళ ముందుకు రావడం లేదు. ఎంత వెతికినా ఆ వేళకు నాకు కనిపించేది ఒక్కటే, ఆరో వరసలో పైకి మడత పడిన ఆకుపచ్చ చెక్క సీటు.

"తెలియదు కాజ్."

"తెలీదేంటి? నువ్వే రాశావుగా."

"రాశాను. చెయ్యి రాసింది. నేను నీ సీటు వైపు చూస్తున్నాను."

కాజ్ సీసా మూత తిప్పాడు, మళ్ళీ బిగించాడు. వాడు తిడతాడని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. వీధిలో ఎవరో కారు రెండుసార్లు ప్రయత్నించి స్టార్టు చేసుకుని వెళ్ళిపోయారు.

"మొత్తం నాలుగూనా?" అన్నాడు.

"మూడు మాత్రం నిశ్చయం. నాలుగోది కూడా అనుకుంటాను."

"అయితే మనిద్దరిలో ఎవడూ చూడలేదన్నమాట."

"అవును."

"దరిద్రం," అన్నాడు కాజ్, నిదానంగా, కోపం లేకుండా. టోపీ తీసి బల్ల మీద పెట్టి, నుదురు రుద్దుకున్నాడు. "సరే. తర్వాతది."

"తొమ్మిదిలో మొదటిది, స్ట్రైకౌట్. బ్యాటు ఊపి తప్పాడు."

"వంపు బంతి వేసుంటాడు. అలిసిపోయాక వాడింకేం వేస్తాడు. తర్వాత?"

"ఎనిమిది. గాల్లోకి."

"సెంటర్ ఫీల్డ్. ఆ టైముకి ఎండ సరిగ్గా వాడి కళ్ళలోకి కొడుతుంది. చెయ్యి అడ్డం పెట్టుకునే ఉంటాడు." ఆలోచించాడు. "గాలి ఎటుంది?"

"రాయలేదు."

"బయటికే వీచి ఉంటుందిలే, ఆగస్టు కదా. ఆఖరిది?"

"ఒకటి, మూడు."

ఒకటి అంటే పిచర్. కాజ్ కళ్ళు మూసుకున్నాడు.

"వాడే పట్టి, వాడే విసిరాడా," అన్నాడు. "పరిగెత్తి పట్టాడా, కాళ్ళ దగ్గరికే వచ్చిందా?"

"పుస్తకంలో అది ఉండదు కాజ్."

"ఉండదని నాకూ తెలుసు," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "ఊరికే అడిగాను."